ఇంట్లోని పాటల సేకరణను కారులో వినే ఏర్పాటు చేసుకోవడం ఎలా?

సీడీల నుంచి ఎక్కించుకున్న సినిమా పాటలు, క్యాసెట్ల నుంచి మార్చుకున్న హరికథలు, ఏ స్ట్రీమింగ్ సేవలోనూ దొరకని కచేరీ రికార్డింగులు ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నాయనీ, వాటిని కారులో వినే దారి చెప్పమనీ చాలామంది పాఠకులు అడుగుతున్నారు. ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌నే చిన్న సర్వర్‌గా మార్చి, ఫోన్ ద్వారా కారులోకి పాటలను రప్పించుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ప్రోగ్రామింగ్ తెలియనక్కర లేదు గానీ ఓపిక కావాలి, ముఖ్యంగా మొదటి మెట్టు దగ్గర.

సేకరణ మొత్తం 32 జీబీ లోపే ఉండి, కొత్త పాటలు ఎప్పుడో గానీ చేరకపోతే మీకు ఈ ఏర్పాటు అనవసరం. ఒక పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి, పాటలు ఎక్కించి కారుకు పెట్టేస్తే పని అయిపోతుంది. సేకరణ పెద్దదైతేనో, తరచూ మారుతుంటేనో, ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేర్వేరు కార్లలో వినాలంటేనో ముందుకు సాగండి.

కావలసినవి

- పాత ల్యాప్‌టాప్ ఒకటి. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరుతో ముగిసింది గనుక, వీలైతే విండోస్ 11 గానీ లినక్స్ గానీ ఉన్నదాన్ని ఎంచుకోండి. ఇక్కడి వివరాలు విండోస్‌ను దృష్టిలో పెట్టుకొని రాసినవి.
- పాటలన్నీ ఒకే పెద్ద ఫోల్డర్‌లో ఉండాలి, వాటి నకలు మరో డిస్కులో ఉండాలి. నకలు లేకుండా మొదటి మెట్టు ఎక్కకండి.
- ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్. ఇక్కడ మీకు పనికొచ్చేది డౌన్‌లోడ్ వేగం కాదు, అప్‌లోడ్ వేగం. నిలకడగా 5 ఎంబీపీఎస్ వస్తే సరిపోతుంది.
- మొబైల్ డేటా ఉన్న ఫోన్.
- కారులో ఫోన్ యాప్‌లను కారు తెరపై చూపే ఆండ్రాయిడ్ ఆటో, ఐఫోన్‌కైతే కార్‌ప్లే. అవి లేకపోతే బ్లూటూత్, అదీ లేకపోతే ఆక్స్ వైరు.
- ఉచిత సాఫ్ట్‌వేర్ మూడు: పాటలను అందించే నావిడ్రోమ్, ఇంటికీ ఫోన్‌కూ మధ్య రహస్య దారి వేసే టెయిల్‌స్కేల్, పాటల వివరాలను సరిదిద్దే ఎంపీ3ట్యాగ్. వీటికి తోడు ఫోన్‌లో ఒక ప్లేయర్ యాప్ కావాలి.

1. ముందు పాటల వివరాలను సరిదిద్దండి

అందరూ దాటవేసేది ఈ మెట్టే, తర్వాత అందరూ వెనక్కి వచ్చేదీ దీని దగ్గరికే. నావిడ్రోమ్ మీ ఫోల్డర్ల పేర్లను పట్టించుకోదు. ప్రతి ఫైలు లోపల ట్యాగ్‌ల రూపంలో ఉండే పాట పేరు, ఆల్బమ్, గాయకులు, సంవత్సరం వంటి వివరాలను చదివి, వాటిని బట్టే పాటలను వరుస పెడుతుంది. 'పాత పాటలు', 'నాన్నగారివి' అని మీరు పెట్టుకున్న ఫోల్డర్లు సర్వర్ తెరపై కనబడవని ముందే తెలుసుకుంటే తర్వాత కంగారు పడరు.

తెలుగు సినిమా పాటలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒక సినిమాలోని ఆరు పాటలను నలుగురైదుగురు గాయకులు పాడి ఉంటారు. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి ఖాళీగా ఉంటే సర్వర్ గాయకుల పేర్లను బట్టి ఆ సినిమాను నాలుగైదు ఆల్బమ్‌లుగా ముక్కలు చేస్తుంది. ఎంపీ3ట్యాగ్‌లో ఆ సినిమా పాటలన్నిటినీ ఒకేసారి ఎంచుకొని, ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సంగీత దర్శకుడి పేరును, ఆల్బమ్ గడిలో సినిమా పేరును, సంవత్సరం గడిలో ఒకే సంవత్సరాన్ని రాసి భద్రపరిస్తే ముక్కలన్నీ ఒక్కటవుతాయి. కచేరీలకైతే ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో ప్రధాన గాయకుల పేరు, కంపోజర్ గడిలో వాగ్గేయకారుడి పేరు రాసుకోండి. రాగాన్ని పాట పేరు పక్కనే రాయడం మేలు, ఎందుకంటే కారు తెరపై తప్పకుండా కనిపించేది పాట పేరే.

రెండో చిక్కు పేర్లలోని తేడాలు. ఎస్పీబీ, ఎస్.పి.బాలు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అని మూడు రకాలుగా రాసి ఉంటే సర్వర్ లెక్కలో వారు ముగ్గురు వేర్వేరు గాయకులు. ఎంపీ3ట్యాగ్‌లో ఆర్టిస్ట్ వరుసను అక్షర క్రమంలో పెట్టి చూస్తే ఇలాంటివన్నీ పక్కపక్కన చేరతాయి, ఒక్కో గుంపును ఎంచుకొని ఒకే రూపానికి తెచ్చుకోవచ్చు. ఇంటర్నెట్ నుంచి దించుకున్న పాత ఫైళ్లలో పాట పేరు వెనుక ఏదో సైటు పేరు తగిలించి ఉండటం కూడా మామూలే. ఎంపీ3ట్యాగ్‌లోని యాక్షన్స్ ద్వారా ఆ మాటను అన్ని ఫైళ్లలోంచీ ఒకేసారి తీసివేయవచ్చు.

లిపి విషయంలో ఒక నిర్ణయానికి రండి. ఆండ్రాయిడ్ ఆటో తెరపై కనిపించేదాన్ని ఫోన్ తయారు చేసి పంపుతుంది కాబట్టి ఫోన్‌లో తెలుగు కనిపిస్తే కారులోనూ కనిపిస్తుంది. బ్లూటూత్‌తో మాత్రమే పనిచేసే పాత స్టీరియోలలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనబడవచ్చు, అటువంటి కారు ఉన్నవారు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడమే మంచిది. మిగిలినవారికి నా సలహా తెలుగు లిపే. సగం అటూ సగం ఇటూ రాస్తే మాత్రం వెతికినప్పుడు ఏదీ దొరకదు. ఎంపీ3 ఫైళ్లలో ట్యాగ్‌లు రాసే పద్ధతి పేరు ఐడీ3. దాని మొదటి తరం ట్యాగ్‌లలో ఒక్కో గడికి 30 అక్షరాలకు మించి చోటు లేదు, వాటిలో తెలుగు నిలవదు. అందువల్ల ఎంపీ3ట్యాగ్ ఆప్షన్లలో వాటిని రాయవద్దని చెప్పి, రెండో తరం ట్యాగ్‌లను మాత్రమే రాయించండి.

వేల పాటలున్నవారు అన్నిటినీ సరిదిద్దేదాకా ఆగనక్కర లేదు. తరచూ వినే యాభై ఆల్బమ్‌లను బాగుచేసుకొని ముందుకు వెళ్లండి.

2. ల్యాప్‌టాప్‌లో నావిడ్రోమ్‌ను పెట్టండి

నావిడ్రోమ్ అధికారిక విడుదలల పేజీ నుంచి విండోస్ ఇన్‌స్టాలర్‌ను దించుకొని నడిపించి, పాటల ఫోల్డర్ ఎక్కడుందో చూపండి. ఇది సర్వీసుగా నిలబడుతుంది కాబట్టి కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ తనంతట తానే మొదలవుతుంది. తర్వాత అదే ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి, చిరునామా గడిలో లోకల్‌హోస్ట్ అని రాసి, కోలన్ పెట్టి 4533 అని ఇస్తే అడ్మిన్ ఖాతా తెరవమని అడుగుతుంది. పాస్‌వర్డ్ పెద్దదిగా పెట్టుకోండి. కారులో వాడటానికి అడ్మిన్ హక్కులు లేని మరో ఖాతాను వేరుగా తెరవండి. ఫోన్ పోయినా సర్వర్ సెట్టింగులు ఎవరి చేతికీ చిక్కవు.

పాటలు ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంటే జాగ్రత్త. విండోస్ ఆ డిస్కుకు ఒకసారి ఈ అని, మరోసారి ఎఫ్ అని అక్షరం ఇస్తే సర్వర్‌కు పాటలు దొరకవు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డిస్కుకు ఒక అక్షరాన్ని శాశ్వతంగా కేటాయించండి. మరో కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌గా తగిలించుకున్నవారికి ఇంకో ఇబ్బంది ఉంది: ఆ డ్రైవ్ మీకు కనిపిస్తుంది గానీ సర్వీసుకు కనిపించదు. పాటలను ఈ ల్యాప్‌టాప్‌లోకే తెచ్చుకోవడం సులువైన పరిష్కారం.

ఇప్పటికే ఇంట్లో వీడియోల కోసం జెల్లీఫిన్ నడుపుతున్నవారు నావిడ్రోమ్ పెట్టకుండా దానితోనే పాటలు కూడా వినవచ్చు. తర్వాతి మెట్లు దానికీ వర్తిస్తాయి, అయితే పోర్టు సంఖ్య 4533కు బదులు 8096, ఫోన్‌లోని ప్లేయర్ యాప్ కూడా జెల్లీఫిన్‌తో పనిచేసేదై ఉండాలి.

3. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా చూడండి

పవర్ సెట్టింగులలో స్లీప్‌ను 'నెవర్' అని మార్చండి. మూత మూసినప్పుడు ఏమీ చేయవద్దని కూడా చెప్పండి. మూత సంగతి మరిచిపోయి, ఊరు దాటాక పాటలు ఎందుకు రావడం లేదో అర్థం కాక తికమకపడేవారు చాలామంది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ కాసేపు ఆదుకుంటుంది గానీ రౌటర్ ఆగిపోతుంది కదా, అందుకని రౌటర్‌నూ ఫైబర్ పెట్టెనూ ఇన్వర్టర్ లైనుకు గానీ చిన్న రౌటర్ యూపీఎస్‌కు గానీ కలపండి.

4. ఇంటికి బయటి నుంచి దారి వేయండి

రౌటర్‌లో పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే ద్వారం) తెరిస్తే సరిపోతుందని పాత వ్యాసాలలో కనిపిస్తుంది. మన దేశంలో చాలా ఇళ్లకు అది పనిచేయదు. ఇంటర్నెట్ సంస్థలు ఎందరో చందాదారులకు కలిపి ఒకే పబ్లిక్ చిరునామాను వాడుతుండటం వల్ల బయటి నుంచి వచ్చే కబురు మీ ఇంటి దాకా చేరదు. మీ రౌటర్ పేజీలో వ్యాన్ చిరునామా (బయటి ఇంటర్నెట్ వైపు రౌటర్‌కు ఉన్న చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలయితే మీరూ ఆ జాబితాలో ఉన్నట్టే. పోర్టు తెరిచే వీలున్నవారికి కూడా నేను ఆ పని వద్దనే చెబుతాను, ఎందుకంటే తెరిచిన పోర్టును తట్టి చూసే యంత్రాలు ఇంటర్నెట్‌లో నిరంతరం తిరుగుతూనే ఉంటాయి.

వైర్‌గార్డ్ అనే పద్ధతిపై నడిచే టెయిల్‌స్కేల్‌తో ఈ రెండు బాధలూ తప్పుతాయి. దాన్ని ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ పెట్టి, రెండింటిలోనూ ఒకే ఖాతాతో లాగిన్ అయితే చాలు. ల్యాప్‌టాప్‌కు 100తో మొదలయ్యే ఒక చిరునామా వస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. ఇంట్లో ఉన్నా బయట ఉన్నా ఫోన్‌లో ఇదే చిరునామా వాడాలి. ఇంటికొకటీ బయటికొకటీ పెట్టుకుంటే తికమక తప్ప లాభం లేదు.

ఇక్కడే మూడు సెట్టింగులు మార్చాలి. ల్యాప్‌టాప్‌లోని టెయిల్‌స్కేల్ మెనూలో 'రన్ అన్‌అటెండెడ్' అనేదాన్ని ఎంచుకోండి. లేకపోతే విండోస్ అప్‌డేట్ కోసం రాత్రి దానంతట అదే రీస్టార్ట్ అయినప్పుడు, ఎవరైనా వచ్చి లాగిన్ అయ్యేదాకా దారి మూసుకుపోయి ఉంటుంది. రెండోది, టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో ఆ ల్యాప్‌టాప్‌కు 'కీ ఎక్స్‌పైరీ'ని ఆపేయండి. మామూలుగా ఆ తాళం గడువు 180 రోజులు. అంతా చక్కగా నడుస్తూ ఆరు నెలలకు హఠాత్తుగా ఆగిపోయిందని రాసేవారిలో చాలామందికి కారణం ఇదే. మూడోది, ఫోన్‌లో టెయిల్‌స్కేల్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. ఫోన్ దాన్ని వెనుక నుంచి ఆపేస్తే పాట మధ్యలోనే తెగిపోతుంది.

టెయిల్‌స్కేల్ వేసే ఇలాంటి రహస్య దారినే వీపీఎన్ అంటారు. ఆండ్రాయిడ్‌లో ఒకసారి ఒకే వీపీఎన్ నడుస్తుంది. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంటే టెయిల్‌స్కేల్ పనిచేయదు.

5. ఫోన్‌లో ప్లేయర్‌ను సిద్ధం చేయండి

నావిడ్రోమ్ సబ్‌సోనిక్ అనే పాత, పేరున్న భాషలో మాట్లాడుతుంది కాబట్టి ఆ భాష తెలిసిన ఏ యాప్ అయినా పనికొస్తుంది. ఆండ్రాయిడ్‌లో అల్ట్రాసోనిక్ ఉచితం. సింఫోనియం డబ్బు పెట్టి కొనవలసినదే అయినా, ఆండ్రాయిడ్ ఆటోలో దాని అమరిక చాలా మెరుగు. రోజూ కారులో గంటసేపు గడిపేవారు దానికి ఖర్చు పెట్టవచ్చు. ఐఫోన్ ఉన్నవారికి ఆంపర్‌ఫై కార్‌ప్లేలో పనిచేస్తుంది.

సర్వర్ చిరునామా గడిలో హెచ్‌టీటీపీతో మొదలుపెట్టి, 100తో మొదలయ్యే ఆ చిరునామాను, దాని తర్వాత కోలన్ పెట్టి 4533ను ఇవ్వాలి. హెచ్‌టీటీపీ చివర అలవాటుగా ఎస్ చేర్చడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఈ ఏర్పాటులో ఎస్ లేకపోయినా ప్రమాదం లేదు, దారి మొత్తాన్ని టెయిల్‌స్కేల్ ముందే రహస్య లిపిలోకి మారుస్తోంది.

తర్వాత మొబైల్ డేటాలో పాట ఏ నాణ్యతతో రావాలో నిర్ణయించండి. నష్టం లేని ఫ్లాక్ ఫైలు సెకనుకు సుమారు 900 కిలోబిట్లు తింటుంది, అంటే గంటకు 400 ఎంబీ. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఐదు గంటల ప్రయాణమనుకుంటే అక్కడికే 2 జీబీ, చాలామంది రోజువారీ ప్యాక్ మొత్తం. 320 కేబీపీఎస్ ఎంపీ3 గంటకు 144 ఎంబీ, అదే ప్రయాణానికి 720 ఎంబీ. ఓపస్ పద్ధతిలో 128 కేబీపీఎస్‌కు కుదిస్తే గంటకు 58 ఎంబీ లోపే, ప్రయాణం మొత్తానికి 290 ఎంబీ. బ్లూటూత్ ఎలాగూ పాటను మళ్లీ కుదించే పంపుతుంది, పైగా టైర్ల చప్పుడు, గాలి హోరు ఉండనే ఉన్నాయి. కారులో ఫ్లాక్ కోసం పట్టుబట్టడంలో అర్థం లేదని నా అభిప్రాయం. మొబైల్ డేటాకు ఓపస్ 128, వైఫైకి అసలు ఫైలు అని యాప్‌లో పెట్టుకోండి. ఓపస్‌తో ఏ యాప్ అయినా పేచీ పెడితే ఎంపీ3 192 ఎంచుకోండి.

ఈ కుదింపు పనిని ల్యాప్‌టాప్‌లోని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. అది లేకపోతే అసలు ఫైళ్లు పాడతాయి గానీ కుదించిన పాట రాదు. వైఫైలో బాగా పాడి, మొబైల్ డేటాలో మాత్రం మౌనంగా ఉంటే ముందు దీన్నే అనుమానించండి.

6. కారు ఎక్కక ముందు ఇంట్లోనే పరీక్షించండి

ఈ వరుస తప్పవద్దు. ఒక్కొక్కటీ పనిచేశాకే తర్వాతిదానికి వెళ్లాలి.

మొదట ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనే ఒక పాట పాడించండి. పాడకపోతే లోపం సర్వర్‌లోనో పాటల ఫోల్డర్ దారిలోనో ఉంది, ఫోన్ జోలికి పోకండి. తర్వాత ఇంటి వైఫైలో ఉన్న ఫోన్‌లో పాడించండి. ఇక్కడ ఆగితే ఫోన్‌లో టెయిల్‌స్కేల్ ఆన్ అయి ఉందో లేదో చూసి, ఆపై ల్యాప్‌టాప్ విండోస్ ఫైర్‌వాల్‌లో 4533 పోర్టుకు అనుమతి ఇవ్వండి. ఆ తర్వాత ఫోన్‌లో వైఫై పూర్తిగా ఆపి, మొబైల్ డేటా మీద కనీసం ఐదారు పాటలు వరుసగా, తెర ఆర్పేసి పాడించండి. మొదటి పాట పాడి రెండోది ఆగితే బ్యాటరీ ఆంక్షలే కారణం. వైఫై ఆపి చూడకుండా కారు దగ్గరికి వెళ్లినవారికి తప్పు ఫోన్‌దో, ఇంటిదో, కారుదో తేల్చుకోవడానికి ఒక పూట పడుతుంది.

టెయిల్‌స్కేల్‌లో నేరుగా కాకుండా రిలే (మధ్యలో ఉండి అందించే సర్వర్) ద్వారా కలిసినట్టు కనిపిస్తే కంగారు పడకండి. పాట మొదలవడానికి ఒకటి రెండు సెకన్లు ఆలస్యమవుతుందేమో గానీ పాటకు ఆ వేగం చాలు.

7. కారుకు కలపండి

కారును ఆపి ఉంచి, మొదటిసారి యూఎస్‌బీ కేబుల్‌తోనే కలపండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే చవక కేబుళ్లతో ఆండ్రాయిడ్ ఆటో మొదలు కాదు, డేటా వెళ్లే కేబుల్ కావాలి. తెరపై మీ ప్లేయర్ కనిపించకపోతే, దాన్ని ప్లే స్టోర్ నుంచి కాకుండా ఎఫ్-డ్రాయిడ్ వంటి చోటి నుంచి పెట్టుకున్నారేమో చూడండి. అలాగైతే ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగులలో వెర్షన్ మీద పదే పదే నొక్కి డెవలపర్ సెట్టింగులు తెరిచి, 'అన్‌నోన్ సోర్సెస్'కు అనుమతి ఇవ్వాలి.

వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో వాడేవారికి ఒక హెచ్చరిక: ఫోన్‌లో వీపీఎన్ నడుస్తుంటే కొన్ని కార్లు కలవవు. టెయిల్‌స్కేల్ యాప్‌లోని 'యాప్ స్ప్లిట్ టన్నెలింగ్'లో ఆండ్రాయిడ్ ఆటోను మినహాయించండి. ఎగ్జిట్ నోడ్ (ఫోన్ ఇంటర్నెట్ మొత్తాన్ని మరో కంప్యూటర్ గుండా పంపే ఏర్పాటు) ఏదైనా ఎంచుకొని ఉంటే అదీ తీసేయండి, ఈ పనికి దాని అవసరం లేదు.

బ్లూటూత్ మాత్రమే ఉన్న కార్లలో పాటల ఎంపిక ఫోన్‌లోనే జరగాలి. బయలుదేరక ముందే జాబితా పెట్టుకోండి. నడుపుతూ చేతిలో ఫోన్ పట్టుకోవడం మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ కింద శిక్షార్హం.

8. సిగ్నల్ లేని దారికి ముందే సిద్ధపడండి

శ్రీశైలం వెళ్లేవారికి మన్ననూరు దాటి నల్లమలలోకి ప్రవేశించాక, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగేవారికి దారి మధ్యలో సిగ్నల్ పోవడం తెలిసిందే. ప్లేయర్‌లో రాబోయే ఐదారు పాటలను ముందే తెచ్చుకునే సెట్టింగును పెంచితే చిన్నచిన్న అంతరాలు తెలియవు. అడవి దారికి అది చాలదు. ముందురోజు రాత్రి ఇంటి వైఫైలో మూడు నాలుగు గంటల పాటలను ఆఫ్‌లైన్‌కు దించుకోండి. తర్వాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఆ పాటలు నిజంగా పాడుతున్నాయో లేదో చూడండి. దిగినట్టు గుర్తు కనిపించడం వేరు, పాడటం వేరు.

తరచూ ఎదురయ్యే మరికొన్ని ఇబ్బందులు

పాత పాట వినడానికి శబ్దం పెంచితే తర్వాత వచ్చే కొత్త పాట చెవులు చిల్లులు పడేలా మోగడం: దీనికి పాటల శబ్దాన్ని సమం చేసే రీప్లేగెయిన్ మందు. ఫూబార్2000 అనే కంప్యూటర్ ప్లేయర్‌లో పాటలను ఎంచుకొని రీప్లేగెయిన్ స్కాన్ చేయిస్తే ప్రతి ఫైలులోనూ శబ్ద స్థాయి నమోదవుతుంది, పాట మాత్రం మారదు. ప్లేయర్‌లో కూడా రీప్లేగెయిన్‌ను ఆన్ చేయాలి. రకరకాల పాటలు కలిపి వినేవారు 'ట్రాక్' పద్ధతినీ, ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా వినేవారు 'ఆల్బమ్' పద్ధతినీ ఎంచుకోవాలి.

ట్యాగ్‌లు మార్చినా పాత పేర్లే కనిపించడం: నావిడ్రోమ్ పేజీలో కుడివైపు పైన ఉన్న గుర్తును నొక్కి పూర్తి స్కాన్ చేయించండి. సర్వర్‌లో మారి ఫోన్‌లో మారకపోతే యాప్‌లో లైబ్రరీని మళ్లీ సింక్ చేయండి.

రెండు గంటల హరికథ సగంలో ఆపితే మళ్లీ మొదటి నుంచే రావడం: యాప్‌లో ఆపిన చోటును గుర్తుంచుకునే సౌకర్యం ఉంటే ఆన్ చేయండి. లేకపోతే అడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఆ రికార్డింగును ఇరవై నిమిషాల భాగాలుగా కోసి, ట్రాక్ సంఖ్యలు వేసి ఒకే ఆల్బమ్‌గా పెట్టుకోవడం నమ్మకమైన పద్ధతి.

అన్నీ కుదిరాక నావిడ్రోమ్ డేటా ఫోల్డర్‌లోని డేటాబేస్ ఫైలుకు కూడా నెలకోసారి నకలు తీయండి. మీరు తయారు చేసుకున్న ప్లేలిస్టులు, ఇష్టమైన పాటల గుర్తులు ఉండేది పాటల ఫోల్డర్‌లో కాదు, ఆ ఫైలులోనే. నకలు తీసేటప్పుడు సర్వీసును ఆపి, పని అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి.